బొమ్మ కాదు, కొలత ముఖ్యం – మన టిప్పన్ల కథ

రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి టిప్పన్ అంటే చెప్పనక్కరలేదు. ఇతర శాఖల మిత్రుల కొరకు నాలుగు మాటలు మనవి చేస్తాను.

నిజాం రాజ్యంలో 1870 తరువాతి సంవత్సరాల్లో బొంబాయి పద్ధతి ననుసరించి సర్వే, బందోబస్తు పనులు సాగినవి. మన కరీంనగర్ అప్పటికి ఎలగందుల జిల్లా. 1905లో ఈ పేరు వచ్చినది. ఆ సర్వేలో ప్రతి సర్వే నంబరుకు ఒక టిప్పన్ తయారు చేసేవారు. అది స్కేలుకు గీసిన పటం కాదు, చేతి బొమ్మ మాత్రమే. చేను ఒక మూల నుండి ఎదుటి మూలకు ఆధార రేఖ వేసి, గొలుసుతో కొలిచి, ఆ రేఖపై క్రాస్‌స్టాఫ్ నిలిపి, గట్టు తిరిగిన ప్రతిచోటికి కుడి ఎడమల లంబాలు తీసేవారు. గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. పొడవూ వెడల్పూ ఒక్కొక్క గొలుసు ఉంటే ఒక గుంట, అనగా 121 చదరపు గజాలు. 40 గుంటలు ఒక ఎకరం. బొమ్మ ఎంత వంకరగా ఉన్నా సరే, దానిపై వ్రాసిన అంకెలే ప్రమాణం. ఆ అంకెలు పట్టుకొని ఎవరు గీసినా అదే చేను వస్తుంది.

మొన్న సెలవులకు వచ్చిన మా మనుమడు కంప్యూటరులో యంత్ర భాగాల బొమ్మలు గీస్తుంటే పక్కన కూర్చున్నాను. ముందు చేతికి వచ్చినట్లు నాలుగు గీతలు గీసినాడు. తరువాత ఇది అడ్డం, ఇది నిలువు, ఈ పొడవు ఇంత అని కట్టుబాట్లు పెట్టగానే బొమ్మ దానంతట అదే సర్దుకున్నది. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాముతో ఈ విధానానికి దారి వేసినాడట. "ఇది మన టిప్పనే కదరా!" అన్నాను. వాడు నవ్వి, "ఇంకా కాలేదు తాతా, చూడు" అని మౌసుతో లాగితే, కొలతలు చెడకుండానే బొమ్మ మొత్తం పక్కకు జరిగినది. మూల బిందువుకు కట్టనంతవరకు ఆకారం నిలుస్తుంది గాని, చోటు నిలువదట.

ఆ మాటతో నాకు నలభై ఏండ్ల క్రిందటి సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఊరి పేరు, ఆఫీసు పేరు వ్రాయను. వాగు ఒడ్డున ఒక వితంతువు భూమి. వరదకు హద్దురాళ్లు కొట్టుకుపోయినవి. మిగిలిన ఒక్క రాయిని ఆధారం చేసుకొని కొలిచినారు. అది వరద తరువాత ఎవరో తిరిగి పాతిన రాయి అని ఎవరూ విచారించలేదు. కొలతలు టిప్పన్‌తో అణా తేడా లేకుండా సరిపోయినవి. "కొలతలు సరియున్నవి" అని ఫైలుపై నోటు వ్రాసినది నేనే. ఆమె వచ్చి, "కొలత సరే సారూ, మరి నా బాయి పక్కోని చేన్లకు ఎట్ల నడిచిపాయె?" అని అడిగితే నా వద్ద జవాబు లేదు. చివరకు మూడు ఊళ్ల శివార్లు కలిసే రాయి నుండి తిరిగి కొలిస్తే ఆమె బావి ఆమెకు దక్కినది. అప్పటికి నాలుగు పంటలు పోయినవి.

చోటును నిలపడానికి పెద్దలు పడిన కష్టం తక్కువ కాదు. 1802 ఏప్రిల్‌లో లాంబ్టన్ మద్రాసు వద్ద సుమారు ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలిచి త్రికోణాల సర్వే ఆరంభించినాడు. 1815లో బీదర్ దగ్గర మరొక రేఖ కొలిచి లెక్క సరిచూచినారు. ఆయన సహాయకుడు ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరాల పాలైనాడు. లాంబ్టన్ 1823 జనవరి 20న హింగణ్‌ఘాట్‌లో కన్నుమూసినాడు. ఆదిలాబాదు నుండి నాగపూరు పోయే రోడ్డుమీద మనలో చాలామంది ఆ ఊరు దాటినవారమే. కాని ఆ పెద్ద లెక్క మన చేల టిప్పన్లకు ఆధారం కాలేదు. వాటిని పట్టి ఉంచినవి ఊరి రాళ్లే.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చినది. ఇప్పుడు ఉపగ్రహాల సహాయంతో అక్షాంశ రేఖాంశాలు తీయవచ్చును. చోటు ఇక జరుగదు. సంతోషమే. కాని ఈ దినం ఉన్న గట్టును కొలిస్తే, జరిగిన గట్టు కూడా శాశ్వతమైపోతుంది. అందుచేత పాత టిప్పన్‌నూ, ముసలివాళ్లకు తెలిసిన పాత రాయినీ ముందు విచారించి, ఆ తరువాతనే కొత్త అంకె వేయాలి.

మన సభ్యుల్లో సర్వేయర్లు, గిర్దావర్లు ఇంకా ఉన్నారు. ఏ ఊరి రాయి ఎక్కడున్నదో మీకు తెలిసినది మీ పిల్లలకు చూపించండి, ఒక కాగితంపై వ్రాసి పెట్టండి. ఆ నోటు నేను వ్రాసిన నోటు కంటె మేలైనది కాగలదని ఆశిస్తూ, సెలవు.