సినిమా శబ్ద స్థాయి చరిత్ర: మిక్సింగ్ గది నుంచి ఆదోని, ఎమ్మిగనూరు హాళ్ల దాకా

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సినిమా శబ్దానికి ఉమ్మడి స్థాయి ఎందుకు అవసరమయిందో వివరించగలుగుతారు.
• ఫిల్ము కాలం నుంచి డిజిటల్ కాలానికి శబ్ద స్థాయి ఎలా మారిందో చెప్పగలుగుతారు.
• మిక్సింగ్‌ను ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వచ్చే స్థాయి లోపాలకు కారణాలు గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఆదోని పేరు చెబితే పత్తి మార్కెట్, ఎమ్మిగనూరు పేరు చెబితే చేనేత గుర్తుకు వస్తాయి. సినిమా వ్యాపారంలో ఈ రెండు ఊళ్లూ ‘సీడెడ్’ ఏరియాలోవి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న జిల్లాలకు అప్పట్లో పడిన పేరే నేటికీ సినిమా పంపిణీదారుల లెక్కల్లో నిలిచి ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది.

ఈ ఊళ్లను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. తెలుగు సినిమా శబ్దం చాలాకాలం ఇక్కడ తయారుకాలేదు. ఇక్కడ వినిపించింది, అంతే. మిక్సింగ్ మొదట బొంబాయి, కలకత్తాల్లోనూ, తరవాత మద్రాసులోనూ, ఆపైన హైదరాబాదులోనూ జరిగింది. మిక్సింగ్ ఇంజనీరు ప్రతి ఊరి హాలుకూ వెళ్లి ఫేడర్ సరిచేయలేడు. తాను విన్న మాట అక్కడి ప్రేక్షకుడికీ అంతే స్పష్టంగా వినిపిస్తుందని అతనికి హామీ ఏమిటి? ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల చరిత్రే ఈ పాఠం.

2. ఫిల్ము మీద శబ్దం

1931లో ‘ఆలం ఆరా’, 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘భక్త ప్రహ్లాద’ వచ్చాయి. టాకీల కాలంలో స్థిరపడిన పద్ధతిలో శబ్దాన్ని బొమ్మ పక్కనే సన్నని పట్టీగా ఫిల్ము మీద ముద్రించేవారు. ప్రొజెక్టర్‌లోని చిన్న దీపపు కాంతి ఆ పట్టీ గుండా వెళ్లి ఫోటోసెల్ మీద పడేది. కాంతిలోని హెచ్చుతగ్గులు విద్యుత్తుగా, విద్యుత్తు శబ్దంగా మారేవి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పట్టీ వెడల్పుకు ఒక హద్దు ఉంది. దాన్ని దాటి శబ్దాన్ని పెంచడం ఎవరికీ సాధ్యం కాదు. మరోవైపు ప్రింటు అరిగి, దుమ్ము పట్టేకొద్దీ రొద పెరిగేది. కాబట్టి మాట ఆ రొదకు పైన, పట్టీ హద్దుకు లోపల ఉండాలి. 1938లో అమెరికాలోని మోషన్ పిక్చర్ అకాడమీ హాళ్లలో శబ్దం ఏ తీరున వినిపించాలో ఒక ప్రమాణం నిర్ణయించింది. స్టూడియోకూ హాలుకూ మధ్య కుదిరిన తొలి ముఖ్యమైన ఒప్పందాల్లో ఇది ఒకటి.

3. ఫేడర్ మీద 7

1970లలో డాల్బీ సంస్థ రొద తగ్గించే పద్ధతితో పాటు స్థాయిని కొలిచే క్రమశిక్షణను కూడా హాళ్లలోకి తెచ్చింది. దాని సారాంశం ఇది: మిక్సింగ్ గదిలోనూ, హాలులోనూ పరీక్షా శబ్దం వినిపించినప్పుడు తెర వెనక ఒక్కో స్పీకరు నుంచి ప్రేక్షకుడి దగ్గర 85 డెసిబెల్‌లు రావాలి. అలా సరిచేసినప్పుడు ఫేడర్ ఉండే స్థానానికి 7 అని గుర్తు పెట్టారు. ఆపరేటర్ 7 మీద నడిపితే ఇంజనీరు విన్నదే ప్రేక్షకుడూ వింటాడు.

4. డిజిటల్ తెచ్చిన చిక్కు

1992లో డాల్బీ డిజిటల్, 1993లో డీటీఎస్ వచ్చాయి. పాత పట్టీ హద్దు పోయింది. సాధారణ స్థాయికి పైన 20 డెసిబెల్‌ల ఖాళీ దొరికింది. పేలుళ్లకు, హోరుకు ఉద్దేశించిన ఆ ఖాళీని ట్రైలర్లు, ప్రకటనలు, పాటలు నింపసాగాయి. ప్రేక్షకులు చెవులు మూసుకుంటే ఆపరేటర్ ఫేడర్ దించుతాడు. 7 నుంచి 5కు దించితే సుమారు 6.7 డెసిబెల్‌లు తగ్గుతాయి. దానితో మాటలు కూడా తగ్గుతాయి. మాట వినపడలేదన్న ఫిర్యాదు వస్తే తరవాతి సినిమా ఇంజనీరు మిక్సింగే బిగ్గరగా చేస్తాడు. అప్పుడు ఫేడర్ ఇంకా దిగుతుంది. ఈ వలయంలో ఎక్కువగా నష్టపోయేది మెల్లగా మాట్లాడే సన్నివేశాల మీద ఆధారపడిన చిన్న సినిమా.

5. ఎక్స్‌పోర్ట్ లోపాలు: కారణాలు

నేడు దిశ మారింది. ఎమ్మిగనూరులో కూర్చుని ల్యాప్‌టాప్ మీద లఘుచిత్రం మిక్స్ చేసి ఎక్కడికైనా పంపవచ్చు. అంటే ఒకప్పుడు మద్రాసు ఇంజనీరుకు ఉన్న సమస్యే ఇప్పుడు మీకు వస్తుంది. ముఖ్యమైన లోపాలు ఇవి.

(అ) వినే స్థాయి: గదిలో స్పీకర్లను తగ్గించి పెట్టుకుంటే తెలియకుండానే అన్నిటినీ పెంచుతారు, హాలులో చెవులు చిల్లులు పడతాయి. ఎక్కువ పెట్టుకుంటే హాలులో మాట వినపడదు.

(ఆ) ఛానళ్ల వరుస: సినిమా పద్ధతిలో వరుస ఎడమ, మధ్య, కుడి అని మొదలవుతుంది. చాలా ఫైళ్లలో ఎడమ, కుడి, మధ్య అని ఉంటుంది. ఈ రెండూ తారుమారైతే మధ్య స్పీకరులో రావలసిన మాటలు కుడివైపు నుంచి వస్తాయి.

(ఇ) స్టీరియోగా కుదించడం: 5.1ను రెండు ఛానళ్లుగా మార్చేటప్పుడు మధ్య ఛానల్‌ను సాధారణంగా 3 డెసిబెల్‌లు తగ్గించి రెండు వైపులా కలుపుతారు. అన్నీ కలిసి గరిష్ఠ హద్దు దాటితే శబ్దం చిట్లుతుంది.

(ఈ) లోతైన ధ్వనుల ఛానల్: హాలులో దీన్ని 10 డెసిబెల్‌లు ఎక్కువగా వినిపిస్తారు. మీ గదిలో ఆ ఏర్పాటు లేక మీరే పెంచితే హాలులో రెండింతల దెబ్బ.

(ఉ) గమ్యం: యూరప్ టీవీలకు 2010లో మైనస్ 23 అనే సగటు బిగ్గరతనం నిర్ణయించారు. నెట్‌ఫ్లిక్స్ మాటల స్థాయిని మైనస్ 27 దగ్గర అడుగుతుంది. హాలుకు చేసిన మిక్సింగ్‌నే అన్నిచోట్లకూ పంపడం సరికాదు.

లోపం ఎక్కడుందో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. ఒక్కో ఛానల్‌లో వరుసగా మైనస్ 20 స్థాయిలో పరీక్షా స్వరం పెట్టి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును తిరిగి తెరిచి కొలవండి. అంకె, వరుస మారకపోతే ఎక్స్‌పోర్ట్ సరిగానే ఉంది. మీ గదిని లేదా హాలును పరిశీలించాలి. మారితే మాస్టర్ ఫేడర్, లిమిటర్, నార్మలైజ్ ఎంపిక, ఛానళ్ల అమరిక ఒక్కొక్కటిగా చూడాలి.

6. సారాంశం

శబ్ద స్థాయి చరిత్ర యంత్రాల చరిత్ర మాత్రమే కాదు. ఒకరినొకరు చూడని ఇద్దరు మనుషులు, అంటే మిక్సింగ్ చేసే వ్యక్తి, హాలులో ఆపరేటర్, ఒకే కొలతను నమ్మడం దీని మూలం. కొలత మీద నమ్మకం పోయిన చోట ముందుగా నలిగిపోయేది నటుడి మాట.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పట్టీ వెడల్పు హద్దు శబ్ద స్థాయిని ఎలా అదుపులో ఉంచింది?
2. ఫేడర్ దించడానికి, మిక్సింగ్ బిగ్గరగా చేయడానికి మధ్య సంబంధాన్ని వివరించండి.
3. మీ ఊరి హాలులో మాటలు కుడివైపు నుంచే వినిపిస్తుంటే మొదట ఏం పరిశీలిస్తారు? ఎందుకు?