చెక్కేవాడి కోసం ఆగిన పుస్తకం

ఐరోపాలో పిల్లల కోసమే తయారైన తొలినాటి బొమ్మల పుస్తకాలలో ఎక్కువ పేరు పొందినది ‘ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్’. బొమ్మలలో చూపిన, ఇంద్రియాలకు అందే లోకం అని ఈ లాటిన్ పేరుకు అర్థం. నురెంబర్గ్ ముద్రాపకుడు మైఖేల్ ఎండ్టర్ దీన్ని 1658లో లాటిన్, జర్మన్ భాషలలో పక్కపక్కనే అచ్చువేశాడు. రాసినవాడు చెక్ జాతీయుడు యాన్ అమోస్ కొమెన్‌స్కీ. కొమీనియస్ అన్న లాటిన్ రూపంతోనే ఆయన బయటి దేశాలకు తెలుసు.

కొమీనియస్ 1592లో మొరావియాలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. లాటిన్ బడి మొహం చూసేసరికి పదహారేళ్లు వచ్చాయి. తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని, అర్థం తెలియని మాటలు వల్లెవేయవలసి వచ్చింది. పిల్లలకు లాటిన్ ఎలా చెప్పాలన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వదలకపోవడానికి ఆ అనుభవమూ కారణమే అయి ఉండాలి.

1616లో ఆయన ‘సోదర సమాజం’ అనే చెక్ ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖలో బోధకుడయ్యాడు. 1620లో ప్రాగ్ దగ్గర వైట్ మౌంటెన్ యుద్ధంలో కాథలిక్ హాబ్స్‌బర్గ్ రాజవంశం గెలిచాక ఆ శాఖకు నిలువ నీడ లేకుండా పోయింది. కొమీనియస్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1622లో ప్లేగు ఆయన భార్యనూ ఇద్దరు పసిబిడ్డలనూ తీసుకుపోయింది. 1628లో సరిహద్దు దాటి పోలండ్‌లోని లెష్నో చేరాడు. మళ్లీ స్వదేశంలో కాపురం పెట్టే యోగం కలగలేదు.

1631లో వచ్చిన ఆయన లాటిన్ వాచకం ‘యానువా లింగ్వారుం’ ఐరోపా అంతటా పాకింది. సుమారు ఎనిమిది వేల మాటలను వెయ్యి వాక్యాలలో కూర్చిన పుస్తకం అది. అయినా వస్తువును చూడకుండా మాట నేర్చుకుంటే అది నోట్లోనే ఉండిపోతుందన్న అసంతృప్తి కొమీనియస్‌కు మిగిలింది. రాకోసీ అనే ప్రభువుల వంశం పిలుపు మీద 1650లో హంగరీలోని షారోష్‌పటక్ వెళ్లి, అక్కడి బడిని చక్కదిద్దుతూ బొమ్మల పుస్తకం రాశాడు.

చిక్కంతా బొమ్మల దగ్గర వచ్చింది. ఆ పుస్తకంలోవి చెక్క అచ్చు బొమ్మలు. చెక్క దిమ్మె మీద బొమ్మను తిరగేసి గీసి, గీతలు మాత్రం ఎత్తుగా నిలిచేలా చుట్టూ ఉన్న చెక్కను తొలచాలి. అలా చేసిన దిమ్మెను సీసపు అక్షరాల పక్కనే బిగించి ఒకే ఒత్తుతో అచ్చు తీయవచ్చు. రాగిరేకు మీద చెక్కిన బొమ్మకు వేరే యంత్రం కావాలి, ఖర్చూ ఎక్కువ. దాదాపు నూటయాభై దిమ్మెలు చెక్కగల పనివాడు షారోష్‌పటక్‌లో దొరకలేదు. రాతప్రతి నురెంబర్గ్ వెళ్లింది. అక్కడా పని ఏళ్ల తరబడి సాగింది.

ఈలోగా కొమీనియస్ లెష్నోకు తిరిగి వచ్చాడు. 1656లో యుద్ధంలో ఆ ఊరు తగలబడింది. ఆయన ఇల్లు, పుస్తకాలు, నలభై ఏళ్లకు పైగా కూర్చుతున్న చెక్-లాటిన్ నిఘంటువు బూడిదయ్యాయి. బొమ్మల పుస్తకం దూరాన చెక్కేవాడి దగ్గర ఉండబట్టే ఆ మంటల పాలు కాలేదు. ఆలస్యం మేలు చేసిందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

పుస్తకం గురుశిష్యుల సంభాషణతో మొదలవుతుంది. వెంటనే అక్షరమాల. మన వాచకాలలో అక్షరానికి అమ్మ, ఆవు లాంటి పేర్లు తోడుంటాయి. కొమీనియస్ అరుపులను పెట్టాడు. కాకి కూతతో ‘ఎ’, గొర్రెపిల్ల అరుపుతో ‘బి’, కుక్క గుర్రుమనడంతో ‘ఆర్’. అసలు పాఠాలు దేవుడితో మొదలై అంతిమ తీర్పుతో ముగుస్తాయి. బోధకుడి విశ్వాసం ఈ రెండు కొసల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యలో ఉన్నది మాత్రం నిండు బజారే: రొట్టెలు కాల్చేవాడు, దర్జీ, మంగలి, చెప్పులు కుట్టేవాడు, చివరికి అచ్చుకూటం కూడా. బొమ్మలోని ప్రతి వస్తువుకూ ఒక అంకె, వాక్యంలో ఆ వస్తువు పేరు పక్కన అదే అంకె. పిల్లవాడి వేలు బొమ్మకూ మాటకూ మధ్య తిరగాలన్నది ఏర్పాటు. బొమ్మల అందం సామాన్యమే; పుస్తకాన్ని నిలబెట్టినవి ఆ అంకెలు.

1659లో చార్లెస్ హూల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. మరుసటి శతాబ్దంలో జర్మన్ కవి గోథే బాల్యంలోనూ అది చేతి పుస్తకమే. కొమీనియస్ 1670లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మరణించాడు. ఆయన మాతృభాష చెక్ చేరిన ప్రతి 1685లో, లాటిన్, జర్మన్, హంగేరియన్‌లతో కలిపి వచ్చింది. దాన్ని అచ్చువేసింది లెవోచాలో. నేడు స్లొవాకియాలో ఉన్న ఆ పట్టణం అప్పట్లో, ఒకనాడు చెక్కేవాడు దొరకని హంగరీ రాజ్యంలోదే.