ముంబై రోడ్డు మీద ఓటమి

బొల్లారం కంపెనీల్లో షిఫ్టు దిగినవాళ్లు పటాన్‌చెరు దగ్గర ఎక్కే ముంబై హైవే, 1948 సెప్టెంబరులో భారత్‌కూ హైదరాబాద్ సంస్థానానికీ యుద్ధం నడిచిన దారి. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నడిపిన భారత బలగాలు షోలాపూర్ నుంచి నల్‌దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా ఇటే వచ్చాయి. వాటిని ఆపాల్సినవాడు నిజాం సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్.

 

ఎద్రూస్ చేతిలో ఉన్నది సుమారు 22 వేల సైన్యం. అందులో గట్టి శిక్షణ ఉన్నవాళ్లు 6 వేలకు మించరు. భారత్ ఆయుధాలు బంద్ చేసింది; పైలట్ సిడ్నీ కాటన్ కరాచీ నుంచి దొంగచాటుగా విమానాల్లో తెచ్చినవి ఏ మూలకూ రాలేదు. యుద్ధ విమానాలు లేవు. ఇక మిగిలిన ఎత్తుగడ ఒక్కటే: వంతెనలు కూల్చి, మందుపాతరలు పెట్టి, రోజులు గడపడం. సెప్టెంబరు 13న, మొదటి రోజే, నల్‌దుర్గ్ వంతెన చెక్కుచెదరకుండా భారత సైన్యానికి దక్కింది. జహీరాబాద్ దగ్గర మందుపాతరలు కాస్త ఆలస్యం చేశాయి, అంతే.

ఆయుధబలం కన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది. కాసిం రజ్వీ ప్రైవేటు సేన అయిన రజాకార్లు సేనాధిపతి మాట వినేవాళ్లు కారు. సగం తుపాకులు తన అదుపులో లేనివాడు వ్యూహం ఏం పన్నుతాడు?

ఓటమి ఖాయమయ్యాక సేనాధిపతి ఏం చేస్తాడన్నదానికి రెండో ప్రపంచ యుద్ధంలో ఇద్దరు జర్మన్ సేనాధిపతుల ఉదాహరణలున్నాయి. పౌలుస్‌ను హిట్లర్ 1943 జనవరి 30న ఫీల్డ్ మార్షల్‌ను చేశాడు, లొంగకూడదనే ఆశతో. మర్నాడే స్టాలిన్‌గ్రాడ్‌లో ఆయన పట్టుబడ్డాడు. 1944 ఆగస్టు 25న కోల్టిట్జ్, హిట్లర్ మాట దాటి, పారిస్‌ను అప్పగించాడు. ఎద్రూస్ కోల్టిట్జ్‌కే దగ్గర. తేడా ఏమిటంటే, ఈయన ఏలినవాడి మాట దాటలేదు. 1948 సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నగర పొలిమేరల్లో ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. హైదరాబాదు వీధుల్లో యుద్ధం జరగలేదు.

జిల్లాల్లో మాత్రం నెత్తురు ఆగలేదు. ఆ తర్వాతి హింసలో చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది.

చౌధురి హైదరాబాదుకు మిలిటరీ గవర్నరయ్యాడు, తర్వాత సైన్యాధ్యక్షుడై 1965 యుద్ధం నడిపాడు. ఎద్రూస్ శేషజీవితం బెంగళూరులో గడిచింది.