ఖాళీ లోయ అనే స్థలపురాణం

మన దగ్గర ప్రతి ఊరికీ ఒక స్థలపురాణం ఉంటుంది. స్వామి కలలో కనపడ్డాడు, పుట్ట తవ్వితే విగ్రహం దొరికింది, గుడి కట్టారు. హేతువాదులకి వీటితో పేచీ కొత్తేమీ కాదు. కానీ దేవుడి పేరు పెద్దగా వినిపించని స్థలపురాణాలు కూడా ఉన్నాయి. వాటిని మనం అంత సులువుగా పట్టుకోలేం, ఎందుకంటే అవి చరిత్ర వేషంలో వస్తాయి. "ఇదంతా చీమలు దూరని చిట్టడవి, కాకులు దూరని కారడవి. మనిషన్నవాడు లేడు. మా తాతలొచ్చి చెట్లు కొట్టి ఊరు చేశారు" అనేది అలాంటిదే. దీన్ని ఒక్క లోయ విషయంలో పరీక్షించి చూద్దాం.

కెనడా పడమటి తీరంలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, వాంకూవర్‌కి ఉత్తరాన బెల్లా కూలా అనే లోయ ఉంది. అక్కడ సముద్రం కొండల మధ్య నుంచి సన్నటి పాయగా చాలా దూరం లోపలికి చొచ్చుకొస్తుంది. ఆ పాయ చివర నది, నదికి అటూ ఇటూ కొంచెం చదును నేల, ఆపైన నిటారు కొండలు. 1953 దాకా బయటి ప్రపంచం నుంచి అక్కడికి బండి వెళ్ళే దారి లేదు.

1894 అక్టోబర్ 30న ఈ లోయ ముందు ప్రిన్సెస్ లూయిస్ అనే ఆవిరి ఓడ ఆగింది. అందులో ఎనభైమందికి పైగా నార్వేజియన్లు ఉన్నారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, క్రూక్‌స్టన్ ప్రాంతం నుంచి వచ్చారు. నాయకుడు క్రిస్టియన్ సౌగ్‌స్టాడ్ అనే లూథరన్ పాస్టర్. 1893 ఆర్థిక మాంద్యం, సొంత చర్చిలో తగాదాలు వాళ్ళని అక్కడి నుంచి కదిలించాయి. కుటుంబానికి 160 ఎకరాలు ఇస్తామని, రోడ్డు వేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. సారాయి ముట్టకూడదని వాళ్ళు తమకి తామే నిబంధన పెట్టుకున్నారు. భూములు చీట్లు వేసి పంచుకున్నారు. మొదటి చలికాలం గుడారాల్లో గడిపి, దేవదారు చెట్లు పడగొట్టి ఇళ్ళు కట్టారు. తర్వాత దానికి హేగెన్స్‌బోర్గ్ అని పేరు పెట్టారు. పాస్టర్ 1897లోనే చనిపోయాడు.

వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. మనిషికి నాలుగైదింతల వెడల్పున్న చెట్టుని గొడ్డలితో, రంపంతో పడగొట్టి, ఆ మొదలు పీకి, ఆ గుంటలో బంగాళాదుంప నాటడం ఆటేమీ కాదు. నా ప్రశ్న వేరు. 160 ఎకరాల చొప్పున పంచడానికి అంత చదును నేల ఖాళీగా ఎలా దొరికింది?

దీనికి సాక్ష్యం నూరేళ్ళ ముందే ఉంది. 1793 జూలైలో అలెగ్జాండర్ మెకంజీ అనే బొచ్చు వ్యాపారి తూర్పు నుంచి నేలమీదుగా నడిచి ఈ లోయలోకి దిగాడు. ఆయన రాసుకున్న దాంట్లో అడవి కాదు, ఊళ్ళున్నాయి. చెక్క పలకలతో కట్టిన పెద్ద పెద్ద ఇళ్ళు, నదికి అడ్డంగా కట్టిన చేపల కట్టలు, ఎండబెట్టిన సాల్మన్ చేపలు. వాళ్ళు నుహాల్క్ జాతి వాళ్ళు. మెకంజీని కూర్చోబెట్టి చేపలు పెట్టారు. అతని మనుషులు జింక మాంసం తిని ఎముక నదిలో పారేస్తే, ఒకతను నీళ్ళలో దూకి దాన్ని తీసి కాల్చేశాడట. చేపలకి ఆ వాసన గిట్టదని వాళ్ళ నమ్మకం. ఇది మూఢనమ్మకమే, సందేహం లేదు. కానీ నదిని పాడుచెయ్యకూడదనే కట్టడి ఆ నమ్మకంలో కలిసిపోయి ఉంది. చేపలు ఏటేటా వస్తూనే ఉన్నాయి.

మరి ఆ ఊళ్ళు ఏమయ్యాయి? మశూచి. మన పెద్దవాళ్ళు అమ్మవారు పోసింది అనేవాళ్ళే, అదే రోగం. 1862 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బ్రదర్ జొనాథన్ అనే ఓడ ద్వారా విక్టోరియా పట్టణానికి వచ్చింది. పట్టణం పక్కన ఉత్తర తీరం నుంచి పనులకీ వ్యాపారానికీ వచ్చిన ఆదివాసులు వేలమంది మకాం వేసి ఉన్నారు. పోలీసులు వాళ్ళ గుడిసెలు తగలబెట్టి వెళ్ళగొట్టారు. జబ్బుతోనే పడవలెక్కి, తీరం పొడుగునా ఇంటిదారి పట్టారు. బంగారం వేటకి పోయేవాళ్ళ ఓడలు కూడా రోగాన్ని మోశాయి. ఆ వేసవిలోనే దారి సర్వేకి వచ్చిన లెఫ్టినెంట్ పామర్ బెల్లా కూలాలో ఈ విధ్వంసాన్ని కళ్ళారా చూసి రాశాడు. కొన్ని వేలున్న నుహాల్కులు చివరికి కొన్ని వందలకి పడిపోయారు. డజన్లకొద్దీ ఊళ్ళు పాడుపడ్డాయి. మిగిలినవాళ్ళు మెల్లగా నది ముఖద్వారం దగ్గర ఒకే ఊళ్ళోకి చేరారు.

ఇక్కడ ఒకటి గమనించాలి. జెన్నర్ టీకా వచ్చి అప్పటికే 66 ఏళ్ళు. విక్టోరియాలో హెల్మ్‌కెన్ అనే డాక్టరు పక్కనున్న సాంగీస్ తెగలో సుమారు 500 మందికి టీకాలు వేశాడు. వాళ్ళు దగ్గర్లోని ద్వీపానికి పోయి విడిగా కూడా ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది బతికారు. అంటే ఇది ఆపలేని దైవఘటన కాదు. రోగాన్ని కావాలనే వ్యాపింపజేశారని ఆదివాసుల మౌఖిక చరిత్రలు చెబుతాయి. చరిత్రకారుల్లో దీనిమీద ఏకాభిప్రాయం లేదు. నామటుకు నాకు ఆ ఉద్దేశాన్ని రుజువు చెయ్యాల్సిన అవసరం కూడా కనిపించదు. వెళ్ళగొట్టిన సంగతి అప్పటి పత్రికల్లోనే ఉంది. మందు ఉండి కూడా రోగుల్ని తరమడం చాలదా?

తర్వాత మిగతా పని చట్టం చేసింది. 1866 నుంచి ఆ కాలనీలో ఆదివాసి తెల్లవాడిలాగా దరఖాస్తు పెట్టి భూమి తీసుకోడానికి వీల్లేదు, గవర్నరు ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. నుహాల్కులతో భూమి ఒప్పందం ఏదీ జరగలేదు. వాళ్ళ విందులూ కానుకల పంపకాల పండగ పాట్లాచ్‌ని కూడా 1885 నుంచి 1951 దాకా నిషేధించారు. అయినా 1894లో ఓడ దిగిన నార్వేజియన్ల సామాన్లు ఒడ్డుకి చేర్చింది ఎవరనుకున్నారు? అక్కడ రేవు లేదు. నుహాల్కుల పడవలే.

పోనీ తర్వాతైనా సేద్యం మీదే బతికారా అంటే, అదీ లేదు. పండించింది అమ్ముకోడానికి సంత ఏది? చేతిలో డబ్బు ఆడింది ప్రభుత్వ రోడ్డు పని కూలీ వల్ల, చేపల వేట వల్ల, కలప వల్ల. ఆ తీరంలో చేతిపని లైసెన్సులనేవి ఉండేవి. యంత్రం వాడకూడదు, ఒంటి బలం, గొడ్డలి, రంపం, జాకీ మాత్రమే. అందుకని నిటారు కొండ మీద చెట్టు చూసుకుని, సరాసరి సముద్రంలోకి జారేలా పడగొట్టేవాళ్ళు. చెట్టు మొదట్లో గాట్లు పెట్టి, అందులో పలకలు దోపి, వాటిమీద నిలబడి ఇద్దరు చెరోవైపు రంపం లాగేవాళ్ళు. తర్వాత ఆవిరి యంత్రాలు, ఇనుప తాళ్ళు వచ్చాయి, వేగం పెరిగింది. పైనుంచి తాడు తెగితే కిందున్నవాడు పోయినట్టే.

చదును నేల లేనిచోట క్యాంపు మొత్తం నీళ్ళమీదే. పెద్ద దుంగలు కలిపి కట్టిన తెప్పల మీద పడక గదులు, వంటశాల. ఒకచోట చెట్లు అయిపోగానే ఊరిని ఊరే లాక్కుపోయేవాళ్ళు. పాత క్యాంపుల్లో పనివాడు తన దుప్పట్ల మూట తనే మోసుకుపోవాలి. తిండికి మాత్రం లోటుండేది కాదు, వంటవాడు బాగాలేకపోతే మనుషులు నిలిచేవాళ్ళు కాదు. ఆ తీరపు కలప పనిమీద 1908లో 'ఉడ్స్‌మెన్ ఆఫ్ ది వెస్ట్' నవల రాసిన గ్రెయింజర్ తర్వాత ఆ రాష్ట్రపు ప్రధాన అటవీ అధికారి అయ్యాడు. ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్మికుడికి పరిహారం ఇచ్చే చట్టం 1917లోగానీ అమల్లోకి రాలేదు. అందాకా కాలో చెయ్యో పోతే తలరాత.

ఇదే రాష్ట్రంలో రంపపు మిల్లుల్లో మన ఉపఖండం వాళ్ళూ ఉన్నారు, ఎక్కువగా పంజాబీలు. వాళ్ళ ఓటుని 1907లో తీసేశారు, 1947లోగానీ తిరిగివ్వలేదు. 1908లో, మధ్యలో ఆగకుండా సొంత దేశం నుంచి నేరుగా వస్తేనే రానిస్తామన్నారు. 1914లో 376 మందితో వచ్చిన కోమగాటా మారు ఓడని రెండు నెలలు వాంకూవర్ రేవులో నిలబెట్టి, దాదాపు అందర్నీ వెనక్కి పంపారు. వీళ్ళూ అవే చెట్లు కోశారు. కానీ "తొలి వలసదారులు" అన్నప్పుడు వీళ్ళ పేరు రాదు.

1995లో బెల్లా కూలాకి సముద్రదారిలో ఉన్న కింగ్ ద్వీపంలో ఇస్టా అనే చోట, కలప కంపెనీ రోడ్డుకి అడ్డంగా కొందరు నుహాల్క్ వారసత్వ పెద్దలు కూర్చున్నారు. తమ తొలి పూర్వీకురాలు ఆకాశం నుంచి దిగింది అక్కడేనని వాళ్ళ కథ. ఆకాశం నుంచి ఎవరూ దిగరని మనకి తెలుసు. వాళ్ళు మాత్రం కంపెనీని అడిగింది ఆకాశం సంగతి కాదు, ఈ భూమి మేమెప్పుడు, ఎవరికి ఇచ్చామో కాగితం చూపించమని. కాగితం రాలేదు. పోలీసులొచ్చి అరెస్టు చేశారు.