చెరువు మీద తెరచాప: జట్టు విహారాల చరిత్ర

పందెం పెట్టుకోకుండా పడవల క్లబ్బు సభ్యులంతా ఒకే రోజున తెరచాప పడవలు నీళ్ళలోకి దించి కలిసి తిరిగి రావడాన్ని జట్టు విహారం అనవచ్చు. ఇందులో తుపాకీ పేల్చి మొదలుపెట్టేదీ ఉండదు, ఎవరు ముందొచ్చారన్న లెక్కా ఉండదు. చుక్కాని పట్టడం తెలిసినవారు కొత్తవారిని పక్కన కూర్చోబెట్టుకుంటారు. మోటారున్న కాపలా పడవ ఒకటి వెనకాలే వస్తుంది. ఒడ్డుకు చేరాక భోజనాలు. మన కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో ఈ అలవాటు లేదు. ‘కనిగిరి రిజర్వాయరు’ ఉంది కదా అనేవారికి ఒక మాట: అది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం దగ్గరిది, పెన్నా నీళ్ళతో నిండేది. పేరు మాత్రమే మనది. తెలుగువారికి ఈ విహారం పరిచయమైన చోటు హైదరాబాదు హుస్సేన్‌సాగర్.

‘యాట్’ అన్న మాట డచ్చివారిది. వేగంగా పోయే చిన్న ఓడలకు వాళ్ళు పెట్టుకున్న పేరు. 1660లో ఆమ్‌స్టర్‌డాం నగరం ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు ‘మేరీ’ అనే యాట్‌ను కానుకగా ఇచ్చింది. మరుసటి ఏడాదే రాజూ, అతని తమ్ముడు జేమ్స్‌ థేమ్స్ నదిలో నూరు పౌన్ల పందెం వేసుకున్నారు. చరిత్ర పుస్తకాలు ఈ పందెం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాయి. జట్టు విహారానికి అసలు పునాది పడింది మాత్రం ఐర్లండులోని కార్క్ రేవులో. 1720 నాటి ‘వాటర్ క్లబ్’ సభ్యులు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పెద్ద పోటు వచ్చినప్పుడల్లా కలిసి సముద్రం మీదికి వెళ్ళేవారు. ఒకరిని ‘అడ్మిరల్’గా ఎన్నుకుని, అతని జెండా సైగలను బట్టి పడవలన్నీ వరస కట్టేవి, మలుపు తిరిగేవి. గెలిచేదీ ఓడేదీ ఏమీ లేదు. వాళ్ళ నిబంధనల్లో నాకు బాగా నచ్చింది తిండి గురించిన ఒకటి: విందు ఇచ్చే అడ్మిరల్ రెండు రకాల మాంసం వంటకాలకు మించి తేకూడదు, వైను సీసాలు రెండు డజన్లు దాటకూడదు. గొప్పలకు పోయి ఒకరినొకరు ముంచుకోకుండా వేసుకున్న కట్టుబాటు అది. నీళ్ళ మీద పందెం లేకుండా చేసుకున్నారు గానీ, వంటల పందెం ఆపడానికి రూలు రాసుకోవాల్సి వచ్చింది.

మన దేశంలో బొంబాయి యాట్ క్లబ్బు 1846లో, మద్రాసుది 1911లో మొదలయ్యాయి. రెండూ రేవు పట్టణాలే, రెండూ దొరల కోసమే.

తెలుగువారికి తెరచాప కొత్తది కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది. మోటుపల్లి రేవుకొచ్చే వర్తకులకు కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దంలో అభయశాసనం వేయించాడు. బకింగ్‌హాం కాలువలో సరుకు పడవలు గాలి ఉంటే చాప ఎత్తేవి, లేకుంటే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవారు. ఇదంతా బతుకుతెరువు. సెలవు రోజున సరదాకి చాప ఎత్తడం కంటోన్మెంటు తెచ్చిన అలవాటు.

ఆ అలవాటుకు చోటిచ్చింది సముద్రం కాదు, చెరువు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్విన హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన 1806లో సికింద్రాబాదు కంటోన్మెంటు వెలిసింది. 1878లో పుట్టిన సికింద్రాబాద్ క్లబ్బు ఈ నీటి ఒడ్డునే పడవలకు స్థలం ఏర్పరచుకుంది. తర్వాత సైన్యంలోని ఈఎంఈ విభాగం వారి సెయిలింగ్ అసోసియేషన్ వచ్చింది, ‘లేజర్’ పడవల పోటీగా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరు తెచ్చుకుంది. ఈ శతాబ్దంలో సుహైమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లల చేతికి చుక్కాని ఇచ్చింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదేనని నా లెక్క.

పిల్లలు నేర్చుకునేది ‘ఆప్టిమిస్ట్’ మీద. క్లార్క్ మిల్స్ 1947లో ఫ్లోరిడాలో రూపొందించిన ఈ పడవ పొడవు 2.3 మీటర్లే, చూడటానికి తొట్టిలా ఉంటుంది. 1970ల మొదట్లో వచ్చిన లేజర్ 4.23 మీటర్లు, చాప వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు, నడిపేది ఒక్కరే. రెండూ కలిసి బయల్దేరితే లేజర్ ఇట్టే ముందుకు పోతుంది. జట్టుగా తిరగాలంటే పెద్ద పడవ చాప వదులు చేసి చిన్నదాని కోసం ఆగాలి. పోటీలో ఎవరూ నేర్పని విద్య ఇది.

గాలికి సరిగ్గా ఎదురుగా తెరచాప పడవ పోలేదు. ఇటొకసారి అటొకసారి ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. నైరుతి రుతుపవనాల నెలలు హుస్సేన్‌సాగర్ మీద మంచి అదను. కాకపోతే చుట్టూ లేచిన భవనాలకు కొట్టుకుని గాలి ఒక్క ఉదుటున వస్తుంది, అంతలోనే చచ్చిపోతుంది. గుర్రపుడెక్క ఇంకో తలనొప్పి.  

మన వైపు హుస్సేన్‌సాగర్ కన్నా విశాలమైన నీళ్ళు కంభం చెరువువి. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య విజయనగర కాలంలో కట్టిన ఈ చెరువుకు శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ పేరు చెబుతారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలోకి ఎక్కింది. నిండినప్పుడు దాని మీద తిరిగేవి చేపలు పట్టేవారి పడవలే. లేజర్ పడవ అడుగు పలక దించితే ముప్పావు మీటరుకు పైగా లోతు కావాలి. కరువు ఏళ్ళలో కంభం చెరువులో అంత లోతు వెతుక్కోవాల్సిందే.