ముందు ఆగడం, తర్వాత ఎగరడం

మన ఇళ్ళల్లో కొందరు పిల్లలు లాంగ్‌బోర్డు కొనివ్వమని పట్టుబడుతున్నారు. కాళ్ళు విరుగుతాయని పెద్దలు వద్దంటున్నారు. ఈ ఆట చరిత్ర కొంచెం తెలిస్తే ఇద్దరికీ మంచిదని మాకు తోచింది.

1950లలో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో ఇది మొదలైంది. అలల మీద ఆడే కుర్రాళ్ళు, అలలు లేని రోజుల్లో చెక్కపలకకి రోలర్ స్కేటు చక్రాలు బిగించి రోడ్డెక్కారు. అప్పటి ఇనుప చక్రాలకీ, తర్వాత వచ్చిన మట్టి చక్రాలకీ చిన్న రాయి అడ్డొచ్చినా చాలు, మనిషి ముందుకు పడేవాడు. 1960లు ముగిసేలోపే ఆట దాదాపు మూలపడింది.

1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ యూరిథేన్ చక్రాలు తెచ్చాడు. అవి రోడ్డుని గట్టిగా పట్టుకున్నాయి, వేగమూ పెరిగింది. మరి బ్రేకు? రైల్వేలో గుమాస్తాగిరీ చేసిన మాకు మొదట వచ్చే ప్రశ్న అదే.

జవాబు బర్క్‌లీ కొండవీధుల్లో దొరికింది. అక్కడ క్లిఫ్ కోల్‌మన్ మోకాళ్ళు మడిచి బాగా వంగి, గ్లౌజు చేతిని రోడ్డుకి ఆనించి, బోర్డుని అడ్డంగా తిప్పేవాడు. చక్రాలు దొర్లకుండా పక్కకి జారతాయి, ఆ రాపిడికి వేగం తగ్గుతుంది. దీన్ని ఇప్పటికీ కోల్‌మన్ స్లైడ్ అంటారు. చూసేవాళ్ళకి అది విన్యాసం, చేసేవాళ్ళకి బ్రేకు.

ఎగరడం ఫ్లోరిడా నుంచి వచ్చింది. 1970ల చివర్లో అలన్ గెల్ఫాండ్ బోర్డుని చేత్తో పట్టుకోకుండా వంపుగోడ మీద ఎగిరాడు. అతని ముద్దుపేరుతోనే దానికి 'ఆలీ' అని పేరొచ్చింది. 1980లలో రాడ్నీ ములెన్ దాన్ని చదును నేల మీద చేసి చూపించాడు. లాంగ్‌బోర్డు పొడుగూ బరువూ ఎక్కువ కనుక దానిమీద ఇది ఇంకా కష్టం.

దెబ్బలకి భయపడి నార్వే ప్రభుత్వం 1978లో స్కేట్‌బోర్డునే నిషేధించింది. పిల్లలు మానలేదు, చాటుగా అడవుల్లో ర్యాంపులు కట్టుకుని ఆడారు. 1989లో నిషేధం ఎత్తేశారు. 2021లో టోక్యోలో ఒలింపిక్ పతకాలే ఇచ్చారు.

మనం వద్దంటే మన పిల్లలూ బండ్లు తిరిగే రోడ్డు మీదే చాటుగా నేర్చుకుంటారు. అంతకన్నా హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, గ్లౌజులు కొనిచ్చి, బండ్లు రాని చోటు చూపిద్దాం. మొదట ఒక కాలు నేలకి రాసి ఆగడం, తర్వాత స్లైడ్, చివర ఎగరడం. అదీ ముందు గడ్డి మీద, బోర్డు కదలకుండా ఉన్నప్పుడు. ఆదివారం పొద్దున మన సంఘం మైదానం రెండు గంటలు వాళ్ళకి విడిచిపెట్టడం గురించి వచ్చే మీటింగులో మాట్లాడుకుందాం.