ల్యాప్‌టాప్‌కు అదనపు ర్యామ్: ఇంటిలోనే అమర్చుకొనే విధానం

మన సరిహద్దు పల్లెలలో అనేక కుటుంబాల వద్ద ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం క్రింద పెద్దవాడికి వచ్చినది కావచ్చు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనమామ వాడి ఇచ్చినది కావచ్చు. కళాశాలలో చేరిన అమ్మాయి కోసం అప్పు చేసి కొన్నది కావచ్చు. కొన్ని సంవత్సరాలు గడిచేసరికి అది తెరుచుకొనడానికే పది నిమిషాలు పడుతుంది. "ఇది పాతబడింది, కొత్తది కొనండి" అని దుకాణదారు తేల్చివేస్తాడు. అన్ని సందర్భాలలోనూ ఆ మాట నిజం కాదు.

మా పాఠశాలలో చదువుకొన్న ఒక అమ్మాయి, ఉపకార వేతనానికి దరఖాస్తు చేసుకొనే గడువు ఇంకా రెండు రోజులున్నదనగా, తన ల్యాప్‌టాప్‌తో మా ఇంటికి వచ్చింది. దరఖాస్తు పుట నింపుతూ ధ్రువపత్రం జతచేయబోతే యంత్రం స్తంభించిపోతున్నది. పట్టణంలోని ఒక దుకాణంలో ముప్పై వేలు పెట్టి కొత్తది తీసుకొమ్మన్నారట. ఆమె తండ్రి పాడి ఆవును అమ్మే ఆలోచనలో ఉన్నాడు. వెనుక మూత విప్పి చూడగా ర్యామ్ అమర్చే రెండు గాళ్లలో ఒకటి ఖాళీగా కనబడింది. ఒక 4 జీబీ ముక్క తెచ్చి పెట్టినాము. దరఖాస్తు మరునాడే వెళ్ళింది. ఆవు కొట్టంలోనే ఉన్నది. ఆ పని ఎవరైనా చేసుకొనగలిగినదే గనుక ఈ వ్యాసం.

ర్యామ్ అనగా ఏమి?

ఇంటిలో గాదె ఎంత పెద్దదైనా, చెరిగేటప్పుడు చేటలో పట్టినన్ని గింజలే మన చేతిలో ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ గాదె వంటిది. ర్యామ్ చేట వంటిది. చేట చిన్నదైతే మాటిమాటికీ గాదె వద్దకు పోవలసి వస్తుంది. యంత్రం నత్తనడక నడవడానికి ఇదొక ముఖ్య కారణం.

నేడు వాడుకలో ఉన్న ర్యామ్‌కు మూలమైన నిర్మాణాన్ని ఐబీఎం సంస్థలోని రాబర్ట్ డెన్నార్డ్ రూపొందించగా, 1968లో దానికి పేటెంట్ లభించింది. ఇందులో ప్రతి బిట్ ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఆ ఆవేశం క్షణాలలో కారిపోతుంది గనుక సెకనుకు అనేక పర్యాయాలు తిరిగి నింపుతూ ఉండవలసిందే. విద్యుత్తు ఆగిన వెంటనే అందులోనిదంతా చెరిగిపోతుంది. దీనిని బట్టి ఒక సంగతి గ్రహించవచ్చు: ర్యామ్ మార్చినందువల్ల మన ఫోటోలు గాని, పిల్లల పాఠాలు గాని పోవు. అవి డిస్క్‌లో భద్రంగా ఉంటాయి.

ముందుగా పరీక్షించవలసినది

విండోస్ 10 లేదా 11 ఉన్న యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆపై మెమరీ అనే చోట చూడవలెను. రోజువారీ పనులు చేస్తుండగా వినియోగం 85 లేక 90 శాతానికి మించి నిలిచి ఉంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. మెమరీ సగమే నిండి, డిస్క్ మాత్రం నిరంతరం 100 శాతం చూపుతుంటే డబ్బు ర్యామ్‌పై పెట్టరాదు. పాత హార్డ్ డిస్క్‌కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించుకొనడం మేలు.

అదే చోట "స్లాట్స్ యూజ్డ్" అనే వరుసలో ఎన్ని గాళ్లున్నవో, ఎన్ని నిండినవో తెలుస్తుంది. "ఫార్మ్ ఫ్యాక్టర్" వద్ద సోడిమ్ అని ఉంటే ముక్కను మార్చవచ్చు. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించినారని సాధారణంగా అర్థం. పలుచని ల్యాప్‌టాప్‌లలో ఇట్లే ఉంటుంది. ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ 2008లో వచ్చిన నాటినుండీ అంతే. కొన్నింటిలో కొంత అతికించి, దానితోపాటు ఒక ఖాళీ గాడి కూడా ఉంచుతారు. కనుక యంత్రం అడుగున ఉన్న మోడల్ సంఖ్యను బట్టి తయారీదారు పుస్తకంలో సరిచూసుకొనవలెను. గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో కూడా అందులోనే ఉంటుంది.

విండోస్ 32 బిట్‌ది అయితే 4 జీబీకి మించి వేసినా ఉపయోగపడదు. పాత యంత్రాలలోని విండోస్ 7 స్టార్టర్ 2 జీబీకి మించి వాడుకొనలేదు. అటువంటి చోట 64 బిట్ విండోస్ గాని, లైనక్స్ గాని వేయించుకొన్న తరువాతనే ర్యామ్ పెంచవలెను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని గమనించగలరు.

రకాలు, కొనుగోలు

ఒక తరం ముక్క మరొక తరం గాడిలో పట్టదు. డీడీఆర్2కు 200 పిన్నులు, 1.8 వోల్టులు, డీడీఆర్3కి 204 పిన్నులు, 1.5 వోల్టులు, డీడీఆర్4కు 260 పిన్నులు, 1.2 వోల్టులు, డీడీఆర్5కు 262 పిన్నులు, 1.1 వోల్టులు. డీడీఆర్3ఎల్ అనేది 1.35 వోల్టులది. ఆ తక్కువ వోల్టేజికే తయారైన యంత్రంలో మామూలు డీడీఆర్3 పనిచేయకపోవచ్చు. డెస్క్‌టాప్ ముక్క దాదాపు రెట్టింపు పొడవుంటుంది. అది ల్యాప్‌టాప్‌కు పనికిరాదు.

ఉన్న ముక్కను విప్పి వెంట తీసుకొనిపోవడం అన్నిటికంటె క్షేమం. బెంగళూరు ఎస్‌.పి. రోడ్డులో గాని, చెన్నై రిచీ వీధిలో గాని అడిగేటప్పుడు భాష తడబడినా, ముక్కపై ఉన్న చీటీ తడబడదు. వేగాలు వేరైతే రెండూ సాధారణంగా తక్కువ వేగానికే పనిచేస్తాయి. రెండు సమాన ముక్కలు జతగా ఉంటే ఫలితం మెరుగు. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు బాగా పెరిగినవి. కనుక రెండు మూడు చోట్ల విచారించి, బిల్లు, వారంటీ తప్పక తీసుకొనవలెను.

అమర్చే క్రమం

1. ముఖ్యమైన ఫైళ్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, యంత్రాన్ని పూర్తిగా ఆపి, చార్జర్ తీయవలెను. స్లీప్‌లో ఉంచి మూత విప్పరాదు. వారంటీ మిగిలి ఉంటే, మూత విప్పినందువల్ల అది పోతుందేమో ముందే తెలుసుకొనవలెను.

2. పొడి బల్లపై నూలు గుడ్డ పరచి పని చేయవలెను. భూమిలోనికి దిగిన ఇనుప కొళాయి గొట్టాన్ని ముందుగా ఒకసారి తాకితే ఒంటిలోని స్థిర విద్యుత్తు పోతుంది. కంటికి కనబడని ఆ చిన్న మెరుపు చిప్పును పాడుచేయగలదు.

3. మరలు విప్పి, ఏది ఎక్కడిదో కాగితంపై గీసుకొని దానిపైనే ఉంచవలెను. అన్నిటి పొడవు ఒకటి కాదు. మూత రాకపోతే పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా ఎత్తవలెను, స్క్రూడ్రైవర్‌తో పెకలించరాదు.

4. బ్యాటరీని విడదీసి, పవర్ మీటను పదిహేను సెకన్లు నొక్కి పట్టవలెను.

5. పాత ముక్కను తీయడానికి రెండు ప్రక్కల క్లిప్పులను బయటికి జరిపితే అది దానంతటదే పైకి లేస్తుంది. అంచులు పట్టుకొనవలెను, బంగారు రంగు పిన్నులను తాకరాదు.

6. కొత్త ముక్కలోని నొక్కును గాడిలోని మిట్టకు సరిచూసి, ఏటవాలుగా చివరిదాకా దూర్చి, తరువాత క్రిందికి నొక్కితే క్లిప్పులు టక్కున పడతాయి. బలవంతం చేయవలసి వస్తే, రకం తప్పో, దిశ తప్పో అయి ఉంటుంది.

7. బ్యాటరీ కలిపి, మూత బిగించి, యంత్రాన్ని ఆన్ చేయవలెను.

తెర వెలుగకపోతే

మొదటిసారి కొత్త ర్యామ్‌ను గుర్తించడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. డీడీఆర్5 యంత్రాలలో ఇది సహజం. అప్పటికీ చీకటిగానే ఉన్నా, బీప్ శబ్దాలు వచ్చినా, మళ్ళీ ఆపి, బ్యాటరీ విడదీసి, ముక్కను తీసి తిరిగి గట్టిగా అమర్చవలెను. పాత ముక్కతో మాత్రమే వెలిగితే కొత్తది సరిపడనిదో, లోపం కలదో, బిల్లుతో మార్చుకొనవచ్చు. వెలిగిన తరువాత విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్షను ఒకసారి నడిపించుట మంచిది.

పాత ముక్కను పారవేయరాదు. అదే రకం యంత్రం ఉన్న పొరుగింటి విద్యార్థికి అది పనికిరావచ్చు.